చుక్కల లెక్క: ఫోన్ తెర కొనేముందు చూడాల్సినవి

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వెళ్తాను. మీ ఫోన్లు ఒకసారి బయటికి తీయండి. ఏదైనా తెలుగు వార్త తెరవండి, అక్షరాల సైజు మాత్రం పెంచొద్దు. అందులో 'థ' ఎక్కడైనా ఉందేమో వెతకండి. 'కథ', 'రథం', 'పథకం', ఏదైనా సరే. ఇప్పుడు 'ధ' ఉన్న మాట చూడండి. ఈ రెండింటికీ తేడా లోపలున్న ఒక్క చుక్క. 'ద'కీ 'ధ'కీ తేడా కింద ఉన్న చిన్న గీత. 'ప-ఫ', 'చ-ఛ', 'డ-ఢ' కూడా అంతే. ఆ చుక్క, ఆ గీత మీ ఫోన్లో విడిగా తెలుస్తున్నాయా, లేక సందర్భాన్ని బట్టి మీరే పోల్చుకుని చదివేస్తున్నారా? ముందు వరసలో ఉన్నవాళ్లు పక్కవాళ్ల ఫోన్ కూడా చూడండి, తేడా తెలుస్తుంది.

మామూలుగా వార్తల యాప్‌లో అక్షరం సైజు రెండున్నర మిల్లీమీటర్లు అనుకుందాం. అందులో 'థ' లోపలి చుక్క ఉజ్జాయింపుగా 0.2 మిల్లీమీటర్లు. 6.74 అంగుళాల తెర మీద 720 × 1600 పిక్సెళ్లు, అంటే బొమ్మని కట్టే అతిచిన్న గడులు, ఉన్న ఫోన్లో ఒక పిక్సెల్ వెడల్పు దాదాపు 0.1 మిల్లీమీటరు. అంటే ఆ చుక్కకి దక్కేది అడ్డంగా రెండు పిక్సెళ్లు. అవి కూడా సరిగ్గా గడిలో కూర్చోవు, అటు సగం ఇటు సగం పడితే బూడిద రంగు మరకగా మిగులుతుంది. 1080 × 2400 తెర మీద అదే చుక్కకి మూడు పిక్సెళ్లు వస్తాయి, 1440 × 3120 మీద నాలుగు. రెండుకీ మూడుకీ మధ్య తేడా చాలా పెద్దది. మూడుకీ నాలుగుకీ మధ్య తేడా చూడాలంటే ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకోవాలి.

ఇంకో సంగతి. ఇంగ్లీషులో హెచ్, ఈ, టీ లాంటి అక్షరాలు నిలువు, అడ్డ గీతలతో ఉంటాయి. పిక్సెల్ గడులు కూడా నిలువు, అడ్డమే కాబట్టి తక్కువ తెర మీద కూడా అవి శుభ్రంగా కూర్చుంటాయి. మన లిపిలో దాదాపు అన్నీ వంపులే. వంపుని గడుల మీద వేస్తే మెట్లు మెట్లుగా వస్తుంది, ఆ మెట్లు కనిపించకుండా అంచుల్లో మసక రంగు పూస్తారు. దానికి తోడు 'స్త్ర', 'క్ష్మి' లాంటివి వచ్చినప్పుడు వత్తులు ఇంకా చిన్న సైజులో కింద ఇరుక్కుంటాయి. అందుకే ఇంగ్లీషు వాడేవాళ్లు 'ఈ తెర చాలు' అని రాసిన రివ్యూ చదివి తెలుగు చదివేవాళ్లు ఫోన్ కొంటే కొంచెం మోసపోతారు. ఇది నా గట్టి అభిప్రాయం.

సరే, లెక్కలోకి వద్దాం. పీపీఐ అంటే ఒక అంగుళం పొడవులో ఎన్ని పిక్సెళ్లున్నాయని. దీన్ని కంపెనీ చెప్పకపోయినా మీరే కట్టుకోవచ్చు. అడ్డం పిక్సెళ్ల వర్గం, నిలువు పిక్సెళ్ల వర్గం కలపండి, వర్గమూలం తీయండి, తెర అంగుళాలతో భాగించండి. రెడ్‌మీ 13సీ: 720 × 1600, 6.74 అంగుళాలు, పీపీఐ 260. రెడ్‌మీ నోట్ 13 5జీ: 1080 × 2400, 6.67 అంగుళాలు, 395. గెలాక్సీ ఎస్24 అల్ట్రా: 1440 × 3120, 6.8 అంగుళాలు, 505. ఈ మూడూ మూడు తరగతులు. డబ్బా మీద మొదటిదాన్ని హెచ్‌డీ ప్లస్ అంటారు, రెండోదాన్ని ఫుల్ హెచ్‌డీ ప్లస్, మూడోదాన్ని క్వాడ్ హెచ్‌డీ ప్లస్. 'ప్లస్' అన్నంత మాత్రాన పదును పెరగలేదు, తెర పొడుగైందంతే. 'హెచ్‌డీ ప్లస్' అని పెద్ద అక్షరాల్లో కనిపిస్తే అది తక్కువ తరగతి తెర అని అర్థం చేసుకోండి.

మరి కంటికి ఎంత కావాలి? కంటి డాక్టరు 6/6 అని రాసిస్తారు కదా, ఆ చూపున్న కన్ను డిగ్రీలో 60వ వంతు కోణం దాకా రెండు వస్తువుల్ని విడదీసి చూడగలదు. దాన్నుంచి ఒక సులువు లెక్క వస్తుంది, రాసుకోండి: 8,730ని ఫోన్ పట్టుకునే దూరంతో, సెంటీమీటర్లలో, భాగించండి. 30 సెంటీమీటర్ల దూరానికి 291 వస్తుంది. 25కి 349. పడుకుని 20 సెంటీమీటర్ల దగ్గర పెట్టుకునే కుర్రాళ్లకి 436. చత్వారం వచ్చి 40 సెంటీమీటర్ల దూరం పెట్టుకునేవాళ్లకి 218 చాలు. 2010లో ఐఫోన్ 4 వచ్చినప్పుడు స్టీవ్ జాబ్స్ 10 నుంచి 12 అంగుళాల దూరంలో 300 దగ్గర గీత గీసింది ఈ లెక్క మీదే. ఆ ఫోన్ 326 పీపీఐ.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 6/6 అనేది మామూలు చూపు, హద్దు కాదు. కుర్రవాళ్లలో చాలామందికి అంతకంటే మంచి చూపుంటుంది. పైగా ఒక గీత కొంచెం పక్కకి జరిగిందా లేదా అన్నది కన్ను ఇంకా సన్నగా పసిగడుతుంది. వంపుల్లో మెట్లు కనపడేది దానివల్లే. కాబట్టి లెక్కలో వచ్చినదానికి ఒక పది శాతం కలుపుకుంటే తెలుగుకి సరిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. పీపీఐ అన్ని తెరల్లోనూ ఒకటే కొలత కాదు. ఎల్‌సీడీ, అంటే వెనక నుంచి లైటు వేసే తెరలో ఒక పిక్సెల్ అంటే మూడు చిన్న చుక్కలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. పక్కపక్కనే నిలువు చారల్లా ఉంటాయి. అమోలెడ్ తెరలో చుక్కలే స్వయంగా వెలుగుతాయి; ఫోన్లలో వచ్చే అమోలెడ్‌లలో ఎక్కువ భాగం అలా ఉండవు. వాటిలో ఒక పిక్సెల్‌కి రెండు చుక్కలే. ఆకుపచ్చ ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది. దానికి తోడు ఒక పిక్సెల్‌కి ఎరుపు, పక్కదానికి నీలం. ఎరుపు లేని పిక్సెల్ పక్కింటి నుంచి అరువు తెచ్చుకుంటుంది. దీన్ని పెన్‌టైల్ అమరిక అంటారు. క్యాండిస్ బ్రౌన్ ఎలియట్ అనే ఆవిడ కనిపెట్టారు, 2008లో ఆ హక్కుల్ని సామ్‌సంగ్ కొనుక్కుంది.

లెక్క చూడండి. 1080 × 2400 అంటే 25 లక్షల 92 వేల పిక్సెళ్లు. ఎల్‌సీడీ అయితే రంగు చుక్కలు 77 లక్షల 76 వేలు. అదే అమోలెడ్ అయితే 51 లక్షల 84 వేలు. మూడో వంతు లేవు! డబ్బా మీద మాత్రం రెండింటికీ ఒకటే అంకె. చుక్కల సంఖ్యని బట్టి సమానం చేయాలంటే అమోలెడ్ పీపీఐని 0.82తో గుణించండి. 395 కాస్తా 324 అవుతుంది. అంటే ఫుల్ హెచ్‌డీ ప్లస్ అమోలెడ్ ఫోన్ చుక్కల లెక్కన ఐఫోన్ 11లోని 326 పీపీఐ ఎల్‌సీడీకి దాదాపు సమానం. ఐఫోన్ 11 వచ్చినప్పుడు '828 పిక్సెళ్ల తెరా!' అని ఎగతాళి చేసినవాళ్లు ఈ గుణకారం వేసి చూసుకోలేదు.

ఇది దొంగ లెక్క అని కూడా అనలేం. మన కన్ను వెలుగునీడల తేడాని ఎక్కువగా ఆకుపచ్చ నుంచే తీసుకుంటుంది, ఎరుపు, నీలం నుంచి తక్కువ. ఆకుపచ్చ చుక్కలు పూర్తి సంఖ్యలో ఉన్నాయి కాబట్టి తెల్ల పేజీ మీద నల్ల అక్షరానికి 0.82 అంత నష్టం ఉండదు. ఎరుపు అక్షరాలకి మాత్రం ఇంకా ఎక్కువ నష్టం, అక్కడ 0.71తో గుణించాలి, 395 కాస్తా 280కి పడిపోతుంది. అందుకే నల్ల నేపథ్యం మీద ఎర్ర అక్షరాలతో రాసిన బ్రేకింగ్ న్యూస్ అమోలెడ్ మీద గరుకుగా కనిపిస్తుంది. తెర పాడైందని కంగారుపడక్కర్లేదు.

మరి ఎందుకిలా చేస్తారు? రెండు కారణాలు. ఒకటి, ఓలెడ్‌లో (అమోలెడ్ దాని రకమే) రంగు పదార్థాన్ని సన్నని రంధ్రాల లోహపు రేకు గుండా ఆవిరి రూపంలో పూస్తారు, రంధ్రాలు ఎంత చిన్నవైతే అంత తప్పులు. చుక్కలు తగ్గిస్తే పని సులువు, ఖర్చు తక్కువ. రెండు, నీలం పదార్థం తొందరగా అరుగుతుంది. నీలం చుక్కలు తక్కువ సంఖ్యలో, పెద్ద సైజులో పెడితే ఒక్కోదాని మీద భారం తగ్గి ఎక్కువ కాలం వస్తుంది. రెండో కారణం కొనేవాడికి కూడా మేలే.

కళ్లతో చూడాలనుకుంటే భూతద్దం కావాలి, బంగారం కొట్లో వాడే 10 రెట్ల కటకం బాగుంటుంది. తెల్ల పేజీ పెట్టి చూడండి. ఎల్‌సీడీలో మూడు రంగుల చారలు వరసగా కనిపిస్తాయి. అమోలెడ్‌లో చిన్న ఆకుపచ్చ చుక్కలు, వాటి మధ్య పెద్దగా ఎరుపు, నీలం, వజ్రం ఆకారంలో ఏటవాలుగా ఉంటాయి. కటకం లేకపోతే వేలితో సూది మొనంత నీటి బొట్టు తెర మీద పెట్టినా సరిపోతుంది. చార్జింగ్ రంధ్రం దగ్గర మాత్రం పెట్టకండి.

చరిత్ర ఎక్కువ చెప్పను. 2010 నాటి మొదటి గెలాక్సీ ఎస్‌లో పెన్‌టైల్ ఉండేది, 2011లో ఎస్2లో తీసేసి మూడు చారలు పెట్టారు, 2012లో ఎస్3లో మళ్లీ తెచ్చారు. అప్పట్లో దీని మీద పెద్ద గొడవ. 2013లో ఎస్4 తెర 441 పీపీఐకి వెళ్లాక గొడవ చల్లబడింది, ఎందుకంటే తేడా కంటికి ఆనడం మానేసింది. ఆపిల్ 2017లో ఐఫోన్ టెన్‌తో ఓలెడ్‌కి వచ్చినప్పుడు 458కి వెళ్లింది, ఇప్పటికీ 460 దగ్గరే ఆగి ఉంది. సోనీ ఎక్స్‌పీరియా 1 వరసలో 643 పీపీఐ 4కే తెరలు పెట్టి, 2024లో ఎక్స్‌పీరియా 1 ఆరో తరంలో మామూలు ఫుల్ హెచ్‌డీ ప్లస్‌కి దిగిపోయింది. అంత పదును ఎవరికీ అక్కర్లేదని తేలిపోయింది.

కాబట్టి కొనేటప్పుడు నా లెక్క ఇది. తెలుగు బాగా చదివేవాళ్లు ఎల్‌సీడీ అయితే 320 దాటాలి, అమోలెడ్ అయితే 390 దాటాలి. రెండూ మామూలుగా ఫుల్ హెచ్‌డీ ప్లస్‌తో వచ్చేస్తాయి. దానిపైన పదును కోసమని పైసా అదనంగా పెట్టకండి, ఆ డబ్బు వెలుగుకీ కెమెరాకీ పెట్టండి. అన్నిటికంటే దండగ బేరం హెచ్‌డీ ప్లస్ అమోలెడ్. 6.5 అంగుళాల మీద 270 పీపీఐ, 0.82తో గుణిస్తే 221. 'అమోలెడ్' అన్న మాట చూసి కొనేస్తారు, రంగులు బాగుంటాయి, అక్షరం మాత్రం అదే ధరలో వచ్చే ఎల్‌సీడీ కంటే గరుకు. అలాగే ఫుల్ హెచ్‌డీ ప్లస్ ఎల్‌సీడీని జనం అన్యాయంగా చిన్నచూపు చూస్తారు. నలుపు బూడిదగా ఉంటుంది, నిజమే. కానీ చదువుకి అదే ధరలో అంత పదునైన తెర ఇంకోటి లేదు.

ఇంట్లో పెద్దవాళ్లకి కొంటున్నారా? వాళ్లు 40 సెంటీమీటర్ల దూరం పట్టుకుంటారు, అక్షరం పెద్దది పెట్టుకుంటారు. వాళ్లకి 260 పీపీఐ ఎల్‌సీడీ నిక్షేపంలా సరిపోతుంది. అక్షరం సైజు ఒక మెట్టు పెంచితే ఒక్కో వత్తుకి దక్కే పిక్సెళ్లు పెరుగుతాయి కూడా. వాళ్ల విషయంలో చూడాల్సింది ఎండలో కనపడుతుందా అన్నది.

వెలుగు గురించి ఒక్క మాట. నిట్ అంటే తెర వెలుగుకి కొలత. ప్రకటనలో '3000 నిట్లు' అని రాస్తారు. అది తెరలో చిన్న ముక్క మీద, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే) వీడియో ఆడేటప్పుడు వచ్చే అంకె. మీకు కావాల్సింది ఎండలో తెర మొత్తం వెలిగినప్పటి అంకె, దాన్ని హెచ్‌బీఎం అని సన్నగా రాస్తారు. 1000 ఉంటే మంచిది. అదికూడా ఆటో బ్రైట్‌నెస్ పెట్టి ఉంటేనే వస్తుంది, చేత్తో జరిపితే చాలా ఫోన్లు అంత దాకా వెళ్లనివ్వవు. ఎండలో అక్షరం మసకగా ఉందని తెర మీద నింద వేసేముందు ఆ బటన్ చూడండి.

ఇక తెర మంచిదైనా మసకగా కనిపించే సందర్భాలు. మ్యాట్ గార్డు వేస్తే తెర మీద ఇసక చల్లినట్టు మిలమిల వస్తుంది, ఎందుకంటే దాని గరుకుతనం ఒక్కో పిక్సెల్ వెలుగుని ఒక్కో దిక్కుకి విరజిమ్ముతుంది. ప్రైవసీ గార్డు వెలుగునీ, పదునునీ రెండింటినీ తగ్గిస్తుంది. అంచులకే జిగురుండే చవక గ్లాసులో మధ్యన గాలి పొర మిగిలి ప్రతిబింబం రెట్టింపవుతుంది. 40 వేలు పెట్టి ఫోన్ కొని 50 రూపాయల గ్లాసు లోంచి చూసేవాళ్లని ఏమనాలి!

పేజీ జరుపుతున్నప్పుడు అక్షరాలు అలుక్కుపోవడం వేరే జబ్బు. ఒక తెర పొడవు, 2400 పిక్సెళ్లు, ఒక సెకనులో పైకి జరిపారనుకోండి. 60 హెర్ట్జ్ తెర, అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ మార్చే తెర మీద ఒక్కో బొమ్మకీ బొమ్మకీ మధ్య 40 పిక్సెళ్ల దూకుడు, మీ కన్ను నునుపుగా వెంబడిస్తుంటే ఆ 40 పిక్సెళ్ల మేరా అక్షరం సాగుతుంది. 120 హెర్ట్జ్ మీద 20. ఇక్కడ అమోలెడ్‌దే పైచేయి, దాని చుక్కలు క్షణంలో రంగు మార్చేస్తాయి. చవక ఎల్‌సీడీ స్ఫటికం నెమ్మదిగా కదులుతుంది. అందుకే '90 హెర్ట్జ్' అని రాసి ఉన్నా జరిపేటప్పుడు నీడలు మిగులుతాయి.

వీడియో మసకగా ఉంటే తెర తప్పు కాకపోవచ్చు. ఓటీటీ యాప్‌లు వైడ్‌వైన్ అనే తాళం చూస్తాయి. మీ ఫోన్‌కి ఎల్1 అనుమతి లేకుండా ఎల్3 మాత్రమే ఉంటే ఎంత గొప్ప తెరైనా చాలా ఓటీటీల్లో వీడియో 480పీ దగ్గరే ఆగిపోతుంది. నెట్‌ఫ్లిక్స్ యాప్‌లో యాప్ సెట్టింగ్స్ కింద ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్‌లో ఇది రాసి ఉంటుంది. కొన్న వారంలోపే చూసుకోండి, ఎల్3 అని ఉంటే వెనక్కి ఇచ్చే అవకాశం ఉన్నప్పుడే ఇచ్చేయొచ్చు. వాట్సాప్‌లో వచ్చే పేపర్ క్లిప్పింగులు కూడా ఈ కోవే. పంపేవాళ్లు హెచ్‌డీ నొక్కి పంపమనండి, లేదా డాక్యుమెంట్‌గా పంపమనండి. కుదించిన బొమ్మని ఏ తెరా పదును చేయలేదు.

క్వాడ్ హెచ్‌డీ ప్లస్ ఫోన్లు చాలావరకు పెట్టెలోంచి తీసినప్పుడు ఫుల్ హెచ్‌డీ ప్లస్ మీదే ఉంటాయి. సెట్టింగ్స్, డిస్‌ప్లే, స్క్రీన్ రిజల్యూషన్. డబ్బు పెట్టారు కాబట్టి ఒకసారి మార్చి చూడండి. తేడా తెలియకపోతే మళ్లీ దించేయండి.

చీటీలు వచ్చాయి. మొదటిది: 'తెర పగిలితే బయట కాంబో వేయించుకోవచ్చా?'

కాంబో అంటే గాజూ తెరా కలిసొచ్చే ముక్క. హైదరాబాద్‌లో జగదీశ్ మార్కెట్‌లోనైనా, మీ ఊళ్లో బస్టాండు పక్క కొట్లోనైనా ముందు ఒకటే అడగండి: 'ఇది ఓలెడ్డా, ఇన్‌సెల్లా?' ఇన్‌సెల్, టీఎఫ్‌టీ అని చెప్పేవన్నీ ఎల్‌సీడీలే. అమోలెడ్ ఫోన్‌కి అది వేస్తే మందం పెరిగి అంచు దగ్గర లేచి ఉంటుంది, తెర లోపలి వేలిముద్ర పనిచేయదు, ఎందుకంటే వెనక బ్యాక్‌లైట్ పొర అడ్డం. చవకవాటిలో పిక్సెళ్లు కూడా తక్కువ ఉంటాయి. ఫోన్ మాత్రం ఇంకా 1080 అనే అనుకుంటుంది, సెట్టింగుల్లోనూ 1080 అనే చూపిస్తుంది. 1080 బొమ్మని 720 చుక్కల్లో కుక్కితే మీ 'థ' చుక్క సంగతి చెప్పక్కర్లేదు. ఐఫోన్ 11 నుంచి ఇలా మార్చిన తెరని సెట్టింగ్స్‌లో తెలియని భాగమని చూపిస్తుంది, పాత తెర సమాచారం ఎక్కించకపోతే ట్రూ టోన్ (గది వెలుగుని బట్టి తెర రంగు సర్దే సదుపాయం) కూడా పోతుంది.

సెకండ్ హ్యాండ్ అమోలెడ్ ఫోన్ కొనేవాళ్లు తెర మార్చారా అని తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. పూర్తి నల్ల బొమ్మ పెట్టి, వెలుగు పూర్తిగా పెంచి, అరచేతులు అడ్డం పెట్టి చూడండి. అసలు ఓలెడ్ అయితే తెర ఎక్కడుందో తెలియదు. బూడిదగా వెలుగుతుంటే తెర మార్చారు. తర్వాత బూడిద రంగు బొమ్మ పెట్టి వెలుగు బాగా తగ్గించండి. పాత బొమ్మల అచ్చులు, మరకలు, నిలువుగా సన్నని ఆకుపచ్చ గీత ఉంటే అప్పుడే బయటపడతాయి. కొట్లో పూర్తి వెలుగులో, ముదురు రంగుల్లో పెట్టే డెమో వీడియోలో ఇవి కనపడవు.

రెండో చీటీ: 'అమోలెడ్ వల్ల తలనొప్పి నిజమా?'

కొందరికి నిజమే. తక్కువ వెలుగులో చాలా అమోలెడ్‌లు వెలుగుని తగ్గించడానికి చుక్కల్ని వేగంగా ఆర్పి వెలిగిస్తాయి. కొన్ని సెకనుకి 240 సార్లు, ఐఫోన్లు సుమారు 480, కొత్తవాటిలో 1920, 3840 దాకా ఉన్నాయి. అంకె పెరిగేకొద్దీ మంచిది. ఇంకో ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ పెట్టి, షట్టర్ 1/1000 చేసి, వెలుగు తగ్గించిన తెరని చూడండి. దట్టమైన నల్ల పట్టీలు కదులుతుంటే, మీకు రాత్రిపూట చదివే అలవాటుండి కళ్లు లాగే స్వభావమైతే, ఆ ఫోన్ వదిలేయండి. ఇప్పటికే కొనేసి ఉంటే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో డీసీ డిమ్మింగ్ గానీ ఫ్లికర్ తగ్గింపు గానీ ఉందేమో చూడండి. లేకపోతే వెలుగు సగానికి పైనే ఉంచి, గదిలో లైటు వేసుకుని చదవండి.

మూడో చీటీలో ఒక ఫోన్ పేరు రాసి 'కొనొచ్చా' అని అడిగారు. ఎల్‌సీడీనో అమోలెడ్డో, అంగుళాలెన్నో, పిక్సెళ్లెన్నో రాయలేదు. ఆ మూడూ రాసి మళ్లీ పంపండమ్మా, ఇక్కడే బోర్డు మీద లెక్క కడదాం.